రోడ్డు దిగితే అంతా ప్రైవేటే అని రాయడం తప్పు

సంపాదకుల వారికి నమస్కారం.

మూడు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ పల్లెల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఆ రోజే రాయబోతే మా అమ్మాయి, "ఎందుకమ్మా, పేపర్ వాళ్ళు పట్టించుకుంటారా" అంది, ఊరుకున్నాను. కానీ మొన్న ఇక్కడ తెలిసినవాళ్ళ ఇంటికి భోజనానికి వెళ్తే ఇద్దరు అదే మాట అన్నారు. "పేపర్లోనే రాశారుగా ఆంటీ, రోడ్డు దిగితే అంతా ప్రైవేటు పొలాలేనట, కార్లోంచి చూసి వచ్చేయడమేనట" అని. ఇక ఆగలేక రాస్తున్నాను. ఆ వాక్యం తప్పు. ఎంతోమందిని నడవకుండా ఆపే తప్పు.

పొలం ప్రైవేటుదే. దాని మీదుగా పోయే పబ్లిక్ ఫుట్‌పాత్, అంటే కాలిబాట, మాత్రం అందరిదీ. పసుపు బాణం గుర్తున్న దారిలో రైతును అడగకుండా ఎవరైనా నడవచ్చు, నాలాగా ఆరు నెలల వీసా మీద వచ్చినవాళ్ళు కూడా. గుర్రాల బాటలతో కలిపి ఇంగ్లండ్, వేల్స్‌లో ఇలాంటి దారులు సుమారు 1,40,000 మైళ్ళున్నాయి. 1949లో వచ్చిన చట్టం ప్రకారం వాటన్నిటినీ మ్యాపులకెక్కించారు. డెఫినిటివ్ మ్యాప్ అంటారు. దారి అందులో ఉంటే చాలు, అక్కడ నడిచే హక్కు ఉందని వేరే రుజువు చూపించక్కర్లేదు. నేను సర్వే శాఖలో ముప్పై ఏళ్ళు పటాలు గీసి రిటైరయ్యాను, ఆ మాట విలువ ఎంతో నాకు తెలుసు.

సెప్టెంబరులో ఒక రోజు మా అమ్మాయి ఆఫీసుకు వెళ్ళాక, దగ్గర్లోని ఒక పల్లెకు బస్సులో వెళ్ళి ఒక్కదాన్నే ఆరు మైళ్ళు చుట్టి వచ్చాను. చేతిలో ఇక్కడి ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ మ్యాపు, సంచిలో నీళ్ళు, పులిహోర. చర్చి వెనక సమాధుల మధ్య నుంచే దారి మొదలైంది. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, వాటి పక్కనే గొర్రెలు. గోడ అడ్డమొచ్చిన చోట ఎక్కి దిగడానికి రాతిమెట్లు, కంచె అడ్డమొచ్చిన చోట మనిషి మాత్రమే తిరిగి దూరగలిగే గేటు. పొదల్లో బ్లాక్‌బెర్రీలు పండి ఉన్నాయి. కోసుకు తింటుంటే మా అమ్మమ్మగారి ఊరి డొంకలో బలుసుపళ్ళు కోసుకున్న రోజులు గుర్తొచ్చాయి. అరవై నాలుగేళ్ళ ఆడదాన్ని, మూడు గంటల్లో ఎదురైంది కుక్కతో వచ్చిన ఒక పెద్దాయన మాత్రమే. ఆయన గుడ్ మార్నింగ్ చెప్పి, పక్కకు జరిగి దారిచ్చాడు. నాకు భయమన్నదే వేయలేదు. ఇదంతా మీ వ్యాసంలో ఎక్కడ ఉంది?

అంతా బాగుందని కూడా చెప్పను. మ్యాపులో పొలం మధ్యగా ఆకుపచ్చ చుక్కల గీత ఉంది, అంటే అక్కడ ఫుట్‌పాత్ ఉన్నట్టు. అక్కడికెళితే తలకు మించిన మొక్కజొన్న! దారి ఆనవాలే లేదు. పొలం చుట్టూ దురదమొక్కల్లో పడి అరమైలు ఎక్కువ నడవాల్సి వచ్చింది. ఫోటోలు తీసి, మ్యాపులో చోటు గుర్తించి కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపాను. ఒక నంబరు వచ్చింది. రెండు నెలలైంది, ఇంకేమీ రాలేదు. పోయిన వారం మళ్ళీ వెళ్ళి చూశాను. పంట కోశారు, కొత్త పంటకు పొలమంతా దున్నేశారు, దారి నాగలి చాళ్ళ కిందకు పోయింది. పొలానికి అడ్డంగా పోయే దారిని దున్నుకోవచ్చు గానీ, మొదటిసారి దున్నిన 14 రోజుల్లో కనీసం మీటరు వెడల్పున మళ్ళీ తీసివ్వాలని 1980 హైవేస్ చట్టం చెబుతోంది. చట్టంలో ఇంత స్పష్టంగా ఉన్నా, అడిగితే సిబ్బంది లేరంటారు. ఈ మాట నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ విన్నాను, ఇక్కడికొచ్చినా అదేనా అని బాధేసింది. మన దగ్గర డొంకలు పటంలో ఇంకా ఉన్నాయి, వెళ్ళి చూస్తే వాటి మీద ఇళ్ళున్నాయి. ఎవరూ నడవని దారిని ఎవరో ఒకరు కలిపేసుకుంటారు, ఏ దేశమైనా అంతే. అందుకే జనాన్ని నడవొద్దనేలా రాయకండి అంటున్నాను.

ఇక్కడివాళ్ళకు కూడా ఈ హక్కులు ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న డెర్బీషైర్‌లోని కిండర్ స్కౌట్ కొండ మీదకు మాంచెస్టర్ వైపు నుంచి వందలమంది కుర్రాళ్ళు, ఎక్కువగా కార్మికులు, కావాలనే ఎక్కారు. అది పెద్దవాళ్ళు పక్షుల వేటకు అట్టేపెట్టుకున్న కొండ. ఐదుగురు జైలుకు పోయారు. అలాంటి కొండలు, బీళ్ళ మీద దారి వదిలి కూడా తిరిగే హక్కు 2000 సంవత్సరంలో గానీ చట్టం కాలేదు.

మీ వ్యాసంలో రెండు పేజీలకు ఆరు ఫోటోలు, వాటిలో మూడు ఫోటోల్లో బైబరీ ఊళ్ళోని అవే రాతి ఇళ్ళు. బస్సుల కొద్దీ జనం అక్కడే దిగి, అదే ఫోటో తీసుకుని పోతుంటే ఆ ఊరివాళ్ళు విసిగిపోతున్నారు. మీ పత్రికను నలభై ఏళ్ళుగా చదువుతున్నాను. ఊరి గురించి రాస్తే ఆ ఊళ్ళో తిరిగినవాళ్ళే రాసేవారు. ఇప్పుడు కూర్చున్నచోట నుంచి రాస్తున్నారని చదివేవాళ్ళకు తెలిసిపోతోంది.

దయచేసి సవరణ వేయండి. ఫుట్‌పాత్‌కు పసుపు బాణమని, గుర్రపు బాటకు నీలం బాణమని, దూడలతో ఉన్న ఆవుల మందకు దూరంగా నడవాలని అందులో రాస్తే ఇక్కడి మన పిల్లలకు, వాళ్ళను చూడటానికి వచ్చే నాలాంటి తల్లిదండ్రులకు పనికొస్తుంది. జనవరిలో గుంటూరు బయల్దేరేలోపు ఆ పొలం దగ్గరికి ఇంకోసారి వెళ్తాను. దారి తీసి ఉంటే సరే, లేకపోతే మళ్ళీ ఫోటోలు తీసి పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు
(ప్రస్తుతం ఇంగ్లండ్‌లో అమ్మాయి దగ్గర)