విషయం: మీరు ‘పరిష్కారమైంది’ అని మూసేసిన నా గులాబీ మొక్క ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం బాధ్యులకు,

నా ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కారమైనందుకు సంతోషిస్తున్నామని మీ నుంచి సందేశం వచ్చింది. సంతృప్తి ఎవరికి కలిగిందో కూడా రాసి ఉంటే బాగుండేది. కిందనే మీ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగారు. నక్షత్రాల సంగతి తరువాత చూద్దాం, ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదవండి.

నేను కొన్నది ‘పీస్’ అనే గులాబీ, హైబ్రిడ్ టీ అనే తరగతిది. 1945లో ఆ పేరు పెట్టుకుని ప్రపంచమంతా పెరుగుతున్న రకం కాబట్టి గులాబీలు అమ్మేవారికి దాన్ని పరిచయం చేయనక్కర్లేదని అనుకున్నాను. లేత పసుపు రేకులు, అంచుల్లో గులాబీ ఛాయ, కాడకు ఒక్కటే పెద్ద పువ్వు. నా పెరట్లో పూసినవేమో అయిదే రేకులున్న చిన్న తెల్లపూలు, గుత్తులు గుత్తులుగా.

పెట్టె విప్పిన రోజే అనుమానం వచ్చింది. అంటుకు, అంటే గులాబీని అడవి మొక్క వేరు మీద అతికించిన చోటుకు, పైనున్న కొమ్మను గోటితో గీకితే బెరడు కింద పచ్చదనం లేదు, గోధుమ రంగు పొడి రాలింది. వెంటనే ఫోన్ చేశాను. ప్రయాణ బడలిక వల్ల అలా ఉంటుందని, నాటితే చిగురిస్తుందని, ఓపిక పట్టమని మీ ప్రతినిధి ఎంతో తీయగా చెప్పారు. ఓపిక పట్టాను. నిజంగానే చిగురించింది, కాకపోతే అంటు కింద నుంచి! మీరు అమ్మిన గులాబీ చచ్చిపోయి, దాన్ని అంటుకట్టిన అడవి మొక్క బతికిందన్నమాట.

ఈ ఒక్క మాట మీ వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు. ఫోన్ ఎత్తిన ప్రతివారూ మొదటి నుంచి మొదలుపెడతారు. ఎండ తగులుతోందా? నీళ్లు నిలుస్తున్నాయా? ఎరువు వేశారా? రోజుకు ఆరు గంటలకు పైగా ఎండ పడే చోటు చూసి, పెద్ద చెట్ల వేళ్లకు దూరంగా, ఒకటిన్నర అడుగుల గుంత తీసి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నాటానని అందరికీ అప్పజెప్పాను. ఒకాయన ఫొటోలు అడిగారు, పంపాను. తరువాతి ఆవిడకు అవి కనపడలేదు, మళ్లీ పంపాను. ఇంకొకరు ఆ ఫొటోలు చూసి నల్లమచ్చ తెగులు మందు కొనమన్నారు, అదీ మీ దగ్గరే. ఆకుల మీద ఒక్క మచ్చ లేదు మహాశయా! మరొకరు కొమ్మలు కత్తిరిస్తే అసలు పూలు వస్తాయన్నారు. అంటు కింది అడవి మొక్క చిగుళ్లను పైపైన కత్తిరిస్తే అవే ఇంకా గుబురుగా లేస్తాయని ఒక్క సీజను గులాబీలు పెంచినవారికైనా తెలుస్తుంది.

చివరికి దొరికిన ఆయన మాత్రం అసలు సిసలు న్యాయవాది. “మొక్క బతికే ఉంది కదండీ. మా నిబంధన ప్రకారం చచ్చిపోతేనే మార్చి ఇస్తాం. పైగా పూలు కూడా పూసింది, శుభాకాంక్షలు” అన్నారు. పైగా ఫిర్యాదు చేయాల్సిన గడువు దాటిందట. ఆ గడువు గడిచింది మీ మాట నమ్మి ఓపిక పట్టినందుకే కదా అంటే, పై అధికారి ఫోన్ చేస్తారన్నారు. ఆ పై అధికారి ఎంత పైన ఉన్నారో గానీ, నా నంబరు ఆయనకు అందలేదు.

మీకు నేను కొత్త కాదు. మా డాబా మీద గుత్తులుగా పూసే ఫ్లోరిబండా గులాబీలు, గేటు పక్కన తీగ గులాబీ, అన్నీ మీవే. చూసినవారు ఎక్కడ కొన్నారని అడిగితే ఇంతకాలం మీ పేరే గొప్పగా చెప్పాను. ఇక ముందు కూడా చెబుతాను, ఇప్పుడు చెప్పడానికి చాలానే ఉంది.

మొక్క మారుస్తారో, డబ్బు తిరిగి ఇస్తారో మీ ఇష్టం. మార్చినా నా పని అయిపోదు. గులాబీ తీసిన గుంతలో వెంటనే ఇంకో గులాబీ పెడితే సరిగ్గా ఎదగదు, మట్టంతా తవ్వి పోసి కొత్త మట్టి నింపాలి. ఆ శ్రమకు మీ నిబంధనల్లో ఏమైనా ఉందా? అన్నిటికంటే ముందు, అంటు అంటే ఏమిటో తెలిసిన ఒక్క మనిషి నాతో మాట్లాడాలి. మీ సంస్థలో అలాంటివారు ఒక్కరైనా ఉంటారనే ఇప్పటికీ నమ్ముతున్నాను.

పెట్టె మీది చీటీ, ఎండిన కొమ్మ, తెల్లపూల ఫొటోలు, మీ సందేశాలు అన్నీ భద్రంగా ఉన్నాయి. ఈసారి కూడా జవాబుగా ఎండ తగులుతోందా అని అడిగితే, వాటన్నిటినీ జతచేసి తరువాతి ఉత్తరం వినియోగదారుల న్యాయస్థానానికి రాస్తాను.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు