అమ్మమ్మ అడిగిన పాఠం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఇంకా జవాబు లేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో, తప్పు నాదే. కోతలు, చెల్లి సీమంతం, మధ్యలో నాన్న మోకాలి నొప్పి. ఇప్పుడు అందరం బాగానే ఉన్నాం, వడ్లు కూడా అమ్మేశాం. అసలు సంగతి వేరే ఉంది, అది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టదు.

రోజుకి పన్నెండు గంటలు చదువుతున్నా టెస్టులో కూర్చుంటే నాలుగు ఆప్షన్లూ "చూసినట్టే" ఉంటున్నాయని రాశావు కదా, ఆ మాట రెండుసార్లు చదివానురా. గ్రూప్ 2 ప్రిలిమ్స్‌లో నన్ను ముంచింది కూడా అదే. 150 నిమిషాల్లో 150 ప్రశ్నలు, తప్పు పెడితే మూడో వంతు మార్కు కోత. చూసినట్టే ఉందని పెట్టుకుంటూ పోయాను, ఇంటికొచ్చి కీ చూస్తే...

సరే విను. ఇంటినిండా చుట్టాలని పోయిన నెల కలిగిరి దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊరికి పోయాను. ఆ సాయంత్రం సారా వ్యతిరేక ఉద్యమం చదివాను, ఒకసారి కాదు మూడుసార్లు. ముఖ్యమైన చోట్ల పసుపు రంగు, తేదీల కింద ఎర్ర గీత. (నీ పచ్చ పెన్ను ఇంకా నా దగ్గరే ఉంది. ఎందుకు ఇవ్వనో నీకు తెలుసు.) ఎనిమిదింటికి కరెంటు పోయింది. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని, చీకట్లోనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ "ఏందబ్బయ్యా ఇంతసేపూ చదివింది? నాకూ చెప్పు" అంది.

మొదలుపెట్టాను. దూబగుంటలో మొదలైంది, ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు, తర్వాత సారా నిషేధం వచ్చింది. అంతే, అయిపోయింది. "ఎట్టా మొదలైంది? అంతకుముందు తాగలేదా మగోళ్లు, అప్పుడే ఎందుకు కదిలారు?" అంది. నోరు పెగల్లేదురా. ఆ పసుపు గీత పేజీలో ఏ పక్కనుందో కళ్లకు కడుతోంది, గీత కింద ఉన్న మాట మాత్రం రావడం లేదు.

అప్పుడు తనే చెప్పడం మొదలుపెట్టింది. 1991లో మన నెల్లూరు జిల్లాలో పెద్దోళ్లకు చదువు నేర్పడానికి అక్షరదీపం రాత్రి బళ్లు పెట్టారు కదా, దాంట్లో అమ్మమ్మ కూడా కూర్చుంది! నాకు ఇన్నేళ్లూ తెలియదు. సారాతో చితికిపోయిన సంసారం గురించి వాచకంలో ఒక పాఠం ఉండేదట. పంతులు చదివి వినిపించి, పుస్తకం మూసి, "ఇప్పుడు మీరు చెప్పండి" అనేవాడట. మర్నాడు నాట్లేస్తూ ఆ పాఠాన్నే ఒకరికొకరు చెప్పుకునేవాళ్లట, బడికి రానివాళ్లకు చెప్పేవాళ్లట, ఎక్కడైనా ఆగిపోతే రాత్రికి పోయి పంతుల్ని అడిగేవాళ్లట. ముప్పై ఏళ్లు దాటింది, ఆ పాఠం మొత్తం ఆ చీకట్లో నాకు చెప్పింది మామా, మధ్యలో ఒక్కసారి కూడా తడుముకోలేదు. నేను అరగంట ముందు చదివింది నాకు లేదు. దూబగుంట ఆడవాళ్లు కొట్టు మూయించారన్న కబురు ఎట్టా వచ్చిందో, సారా కొట్ల వేలంపాటలు ఆపడానికి ఎవరెవరు బండెక్కారో అన్నీ చెప్పింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆపేశారని నేను అంటే "అంటే మీ మామ పది తప్పిన ఏడాది" అంది. ఆ తేదీ ఇక నేను చచ్చినా మర్చిపోను. తాతయ్య గురించి కూడా ఆ రాత్రి ఒక మాట అంది, అది ఉత్తరంలో రాసేది కాదులే, కలిసినప్పుడు చెబుతా.

ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే తెల్లకాయితం తీసుకుని, పుస్తకం ముట్టుకోకుండా గుర్తున్నదంతా రాశాను. అమ్మమ్మ చెప్పింది రెండు పేజీలు వచ్చింది, నేను మూడుసార్లు చదివిన పక్క చాప్టర్ ఆరు లైన్లు.

ఇక్కడికొచ్చాక లెక్చరర్ అన్నయ్యకు చెబితే, ఇది 2006లోనే రోడిగర్, కార్పికే అని అమెరికా వాళ్లు పరీక్షించి చూశారన్నాడు. కొందరిచేత ఒక వ్యాసం మళ్లీ చదివించారు, కొందరిచేత మూసిపెట్టి గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాలకు అడిగితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు, 81 శాతం, రెండోవాళ్లు 75. వారం తర్వాత తిరగబడింది, చదివినవాళ్లు 42, రాసినవాళ్లు 56. మనం పరీక్ష రాసేది ఐదు నిమిషాల తర్వాత కాదు కదరా!

అప్పటినుంచి ఒక సెక్షన్ ఒక్కసారే చదువుతున్నా. మూసేసి రాస్తా, తర్వాత తెరిచి, తప్పినవి ఎర్రపెన్నుతో దిద్దుకుంటా. మర్నాడు మళ్లీ, నాలుగో రోజు మళ్లీ, వారానికి ఇంకోసారి. ఇంట్లో పాత శుభలేఖలు కట్టలు కట్టలు ఉంటే వెనక తెల్లగా ఉన్నవి నాలుగేసి ముక్కలు చేశాను, ఒక పక్క ప్రశ్న, రెండో పక్క జవాబు. కొన్నిటికి ఇంకా మూలన పసుపు అంటుకునే ఉంది. వాటికి మూడు మలై ఖాజా డబ్బాలు. మొదటి డబ్బా రోజూ, రెండోది మూడు రోజులకు, మూడోది వారానికి. జవాబు వస్తే ఆ ముక్క తర్వాతి డబ్బాలోకి, తప్పితే తిన్నగా మొదటిదానికి. ఇది కూడా పాతదే, జర్మనీలో లైట్నర్ అనే ఆయన 1972లో చెప్పాడట. అర్థమెటిక్ అయితే శాతాలు, కాలం-పని, రైళ్లు అన్నీ కలిపేసి చేస్తున్నా, ఏ లెక్కకు ఏ పద్ధతో మనమే పట్టుకోవాలి కదా.

మొదటి నాలుగు రోజులు కడుపులో దేవినట్టుంటుంది, చెబుతున్నా. ఏమీ రాదు, ఇన్నాళ్లు చదివిందంతా వృథా అనిపిస్తుంది. నేను రెండో రోజు ఏడ్చాను కూడా. అప్పుడు వదిలిపెట్టి మళ్లీ పసుపు పెన్ను పట్టుకున్నావంటే మన కావలి ప్లాట్‌ఫాం ఒట్టు గుర్తుచేస్తా. రాత్రి రెండింటిదాకా కూర్చోవడం కూడా మానెయ్, నిద్ర చాలకపోతే చదివింది నిలబడదు.

ఇంకో సంగతి, ఆ కోచింగ్ ఫీజు విషయం నువ్వు రాసింది... ఉండు, బాబాయ్ బండి హారన్ కొడుతున్నాడు, రాత్రి బస్సుకు హైదరాబాద్ వస్తున్నాడు, ఇది ఆయనకే ఇస్తున్నా. ఆదివారం ఎనిమిదింటికి ఫోన్ చేస్తా, పుస్తకం మూసి ఉంచు, రాజ్యాంగంలో ఆర్టికల్ 14 నుంచి 32 దాకా నేను అడుగుతా, తర్వాత నువ్వు నన్ను అడుగు. అరుస్తున్నాడు, పోతున్నా.

నీ
మామ