ముందు 17సీ కాగితం చూడండి

సంపాదకులకు,

పోలైన వాటికన్నా లెక్కించిన ఓట్లే ఎక్కువంటూ ఎవరైనా పట్టిక చూపిస్తే, అందులో పోస్టల్ బ్యాలెట్లు కలిశాయా అని ముందు అడగాలి. అవి ఈవీఎంలో ఉండవు. సాయంత్రం చెప్పే శాతమూ ఉజ్జాయింపే. గడువు వేళకు వరుసలో ఉన్నవారంతా స్లిప్పులు తీసుకుని రాత్రి దాకా ఓటేస్తారు.

అసలు ఆధారం ఫారం 17సీ, అంటే బూత్‌లో పోలైన ఓట్ల లెక్కపత్రం. పోలింగ్ ముగిశాక అక్కడున్న అభ్యర్థుల తరఫు ప్రతి ఏజెంటుకూ ప్రిసైడింగ్ అధికారి దాని నకలు ఇవ్వాలి. కంట్రోల్ యూనిట్ నంబరు, పోలైన ఓట్లు, పేపర్ సీళ్ల లెక్క అందులోనే ఉంటాయి. దాన్ని, లెక్కించిన ఓట్లను బూత్‌ల వారీగా చూపే ఫారం 20లో అదే బూత్ వరుసతో సరిపోల్చాలి. యాభై పైచిలుకు తేడా కనిపిస్తే పోలింగ్‌కు ముందు పరీక్షగా వేసిన మాక్‌పోల్ ఓట్లు చెరపలేదేమో చూడాలి. కనీసం 50 వేస్తారు కదా! ఇంత విలువైన కాగితాన్ని ఏజెంట్లు జేబులో నలిపి పారేయడం బాధాకరం. ఫలితాన్ని కోర్టులో సవాలు చేసే ఎన్నికల పిటిషన్‌కు గడువు ఫలితం ప్రకటించాక 45 రోజులే.

– ఎన్నికల విధులు చేసిన విశ్రాంత ఉపాధ్యాయుడు, ఏలూరు