విద్యార్థుల ప్రాజెక్టుల నిధి: 2024–25 జమా ఖర్చుల వివరణ

శ్రీకాకుళం జిల్లాలో జనం చేతికి నేరుగా పనికొచ్చే, కరెంటు మీద ఎక్కువ ఆధారపడని పనిముట్లు తయారు చేయడానికి ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం మా కమిటీ వసూలు చేసిన సొమ్ము లెక్క ఇది. 2024 జూన్ నుంచి 2025 మార్చి 31 దాకా ఉన్న పద్దులన్నీ ఇందులో ఉన్నాయి. మొత్తం జమ 1,36,982 రూపాయలు, ఖర్చు 96,562, నిల్వ 40,420. ఇంత నిల్వ ఎందుకు మిగిలిందని చాలామంది అడుగుతున్నారు. అందులో 18,370 ఒక ప్రాజెక్టు మధ్యలో ఆగిపోవడం వల్ల మిగిలింది. ఆ సంగతి పొందూరు పద్దులో ఉంది. మిగతాది ఏ ప్రాజెక్టుకూ కేటాయించని సొమ్ము.

జమ వివరం:
పూర్వ విద్యార్థులు 41 మంది నుంచి 82,500
విద్యార్థుల వాటా, 14 మంది, తలా 1,500 చొప్పున 21,000
జీడి పరిశ్రమ నడిపే ఒక దాత 15,000
తీర గ్రామంలోని డ్వాక్రా సంఘం 10,000
ట్రయల్‌లో కోసిన జీడిపప్పు పొట్టుతోనే అమ్మగా, 14 కిలోలు, కిలో 420 చొప్పున 5,880
తుప్పు జాలి, మిగులు ఇనుము అమ్మగా 1,860
బ్యాంకు వడ్డీ 742

ఎండుచేపల సోలార్ డ్రైయర్‌కు 30,000 కేటాయిస్తే 31,370 అయింది. గార మండలంలోని ఓ మత్స్యకార గ్రామంలో నెత్తళ్లు అనే చిన్న చేపలను ఇసుక మీద పరిచి ఎండబెట్టే బదులు, 6 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న సొరంగం లాంటి పందిరి ఇది. ఒక్కసారికి 60 కిలోల పచ్చి నెత్తళ్లు పడతాయి. పచ్చి చేపలో నాలుగింట మూడొంతులు నీరే. తేమ 18 శాతానికి దిగేసరికి చేతికొచ్చేది సుమారు 18 కిలోలు. డ్రైయర్ పెట్టినంత మాత్రాన ఈ బరువు పెరగదు. ఇసుక, ఈగ, వానజల్లు తగలని సరుకుకు ధర పలకడమే లాభం.

మొదటి విడత ఖర్చు 22,030. అంగుళం జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపులు 9, ఒక్కోటి 780 చొప్పున 7,020. ఎండకు తట్టుకునే 200 మైక్రాన్ల యూవీ ప్లాస్టిక్ షీటు 28 చదరపు మీటర్లు 1,680. 20 వాట్ల ప్యానెళ్లు 2, 2,300. 12 వోల్టుల ఫ్యాన్లు 4, 1,360. రెండు అరలకు ఇనుప జాలి 18 చదరపు మీటర్లు 2,340. నల్లరంగు 4 లీటర్లు 1,480. వెల్డింగ్ కూలి 4,500. థర్మామీటర్లు 3, 1,350. బ్యాటరీ కొనలేదు. ఎండ ఉన్నప్పుడే ఫ్యాను తిరగాలి, ఎండ లేనప్పుడు దానితో పనే లేదు.

ఈ 22,030లో మూడు చోట్ల డబ్బు తప్పుదారి పట్టింది. ఇనుప జాలి రెండు వారాల్లోనే తుప్పు పట్టి చేపకు గోధుమ మరకలు అంటించింది. నాలుగు ఫ్యాన్లలో మూడు, సముద్రం వైపు ఉన్నవి, మూడో వారానికి బిగుసుకుపోయాయి. ఫ్యాను ఇరుసు తిరిగే బుష్‌లోకి ఉప్పుగాలి దూరింది. దుకాణదారు మార్చి ఇవ్వనన్నాడు. ఉప్పుగాలికి వారంటీ వర్తించదని బిల్లు వెనకే ఉంది, మేమే చదవలేదు. ఫ్యాన్లు ఆగిన రోజు మధ్యాహ్నం లోపల వేడి 63 డిగ్రీలకు ఎక్కింది. నెత్తళ్లకు 50 దాటకూడదు. దాటితే పైచర్మం ముందే గట్టిపడి లోపలి నీరు బయటికి రాదు. పైకి గలగలలాడే చేప బస్తాలో రెండు రోజులు ఉండేసరికి బూజు పట్టింది. ఆ బస్తా పారేశాం, దాని ధర డ్వాక్రా సంఘం వాళ్లు మా దగ్గర తీసుకోలేదు.

మూడోది రంగు. నేలకు వేయాల్సిన నల్లరంగును పిల్లలు పైపులకూ పూశారు. నల్ల పైపు ఎండలో కాలి, దానికి ఆనుకున్న చోటల్లా షీటు పెళుసెక్కింది. పైపు పైభాగానికి తెల్లరంగు పూయాలి. వెల్డింగ్ పెట్టిన చోట జీఐ పైపు మీది జింకు పూత కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఈసారి వెల్డింగ్ కాకుండా క్లాంపు, బోల్టులతో బిగించాలని అనుకుంటున్నాం.

సవరణలకు 9,340 అయింది. వెదురు కర్రలు 24, 2,160. ఇనుప జాలి స్థానంలో నైలాన్ వల 1,980. సీల్ చేసిన బాల్ బేరింగు ఫ్యాన్లు 3, 1,860. వాటిని ఊరి వైపు గోడకు మార్చాం. రేకు చిమ్నీ 1,200. ఫ్యాను ఆగినా వేడిగాలి తనంతట తాను పైకి పోయే దారి అది. మొదటే పెట్టాల్సింది. ప్రైమరు, తెల్లరంగు 2,140. షీటును ఇప్పుడు క్లిప్పులతోనే పట్టించారు, ఇద్దరు మనుషులు విప్పి చుట్టేయగలరు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను దాటింది కళింగపట్నం దగ్గరే, ఆ తీరంలో శాశ్వతంగా బిగించిన షీటు నిలుస్తుందని ఎవరూ నమ్మరు.

జీడిపిక్కలు కోసే తొక్కుడు మెషీన్‌కు 45,000 కేటాయింపు, ఖర్చు 46,624. పలాస-కాశీబుగ్గలో ఉడికించి చల్లార్చిన పిక్కను రెండు బ్లేడ్ల మధ్య పెట్టి, కాలితో తొక్కి, చేత్తో పిడి తిప్పి పెంకు విరిచి పప్పు తీస్తారు. పెంకులోని జీడినూనె వేళ్లను కాలుస్తుంది, అందుకే ఆడవాళ్లు ఆముదమో బూడిదో పూసుకుంటారు. కొత్త మెషీన్ కనిపెట్టడం కాదు, వాళ్లు వాడే మెషీనునే సరిచేయడం ఈ ప్రాజెక్టు పని. పాత మెషీన్లు 2, 9,600. బ్లేడ్లు 6 జతలు 3,900. స్ప్రింగులు, బుష్‌లు, బేరింగులు 2,870. ఇనుప యాంగిలు, ప్లేటు 62 కిలోలు 4,464. స్టీలు ట్రే, గార్డు 3,350. లేత్, వెల్డింగ్ 7,800. ఉడికించిన పిక్కలు 60 కిలోలు 7,800. నైట్రైల్ గ్లవ్స్ 12 జతలు 1,140.

అన్నిటికన్నా పనికొచ్చింది 5,700 పెట్టి కొన్న మూడు స్టీలు జల్లెడలు. 18, 20, 22 మిల్లీమీటర్ల రంధ్రాలవి. చిన్న పిక్కకూ పెద్ద పిక్కకూ ఒకే సర్దుబాటుతో బ్లేడు దిగితే పెద్ద పిక్కలో పప్పు తెగి గుండు (విరగని పప్పు) కాస్తా బద్ద అవుతుంది. ముందు జల్లెడ పట్టి, సైజు మారినప్పుడల్లా బ్లేడు ఆగే చోట బోల్టు తిప్పితే గుండ్లు ఎక్కువగా దక్కాయి. ధర అంతా గుండులోనే ఉంది. గ్లవ్స్ మాత్రం దండగైనట్టే. నూనె వాటిని పాడు చేయలేదు, కానీ వేలికి పిక్క వంపు తెలియక పని నెమ్మదించి, రెండో రోజే తీసేశారు. చేయి తగలకుండా గరాటులోంచి పిక్క జారేలా చేసిన ప్రయత్నమూ కుదరలేదు. వంకర పిక్క అడ్డంగా పడి అడ్డంగానే తెగింది. చివరికి వేళ్లకూ చిమ్మే నూనెకూ మధ్య స్టీలు గార్డు మిగిలింది. దాతకు ఈ సంగతి చెప్పాం.

పొందూరు ప్రాజెక్టుకు 20,000 కేటాయించాం, 1,630 ఖర్చయింది. ఫిలమెంటు (త్రీడీ ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్ తీగ) 1,150, రానుపోను 480. అక్కడ ఖాదీ కోసం పత్తిని దువ్వడానికి వాలుగ చేప దవడ వాడతారు. దానికి బదులు త్రీడీ ప్రింటర్‌తో ప్లాస్టిక్ దువ్వెన చేయాలని ముగ్గురు విద్యార్థులు అనుకున్నారు. ప్లాస్టిక్ వచ్చే ప్రింటరు ముక్కు రంధ్రం 0.4 మిల్లీమీటర్లు, అంతకన్నా సన్నటి పన్ను పోయలేదు. పోసినవీ పత్తిలో విరిగాయి. ఆరు నమూనాల తర్వాత ఆపేయమని కమిటీయే చెప్పింది. దవడ ఎముకతో ఎవరికీ ఇబ్బంది లేనప్పుడు దాన్ని మార్చాలనుకోవడమే తొందరపాటు.

ఉమ్మడి ఖర్చులు 16,938: సరుకు రవాణా 6,350, బస్సు ఛార్జీలు 4,120, ప్రదర్శన రోజు షామియానా, టిఫిన్లు 3,900, నివేదికల ముద్రణ 2,450, బ్యాంకు ఛార్జీలు 118.

దుకాణం బిల్లు లేనివి 9,460. అవి డ్రైయర్ వెల్డింగ్ కూలి 4,500, వెదురు 2,160, ఆటోలు 2,800. వీటికి సంతకం ఉన్న వోచర్లు ఉన్నాయి. మిగతా అన్నిటికీ బిల్లులున్నాయి.

నిల్వలో 38,920 బ్యాంకులో, 1,500 చేతిలో. అందులోంచి 5,000 డ్రైయర్ షీటు మార్పిడికి పక్కన పెట్టాం, ఇలాంటి షీటు మూడేళ్లకు మించి నమ్మదగింది కాదు. డ్రైయర్ మీద పెట్టిన ప్రతి 100 రూపాయల్లో 30 సవరణలకే పోయాయి కాబట్టి, వచ్చే ఏడాది ఏ ప్రాజెక్టుకైనా కేటాయింపులో మూడో వంతు మొదటి ట్రయల్ అయ్యాకే విడుదల చేస్తాం. ఒప్పుకోని జట్టుకు డబ్బు ఇవ్వం.

బిల్లుల ఫైలు శనివారాల్లో సాయంత్రం 4 నుంచి 6 దాకా ప్రాజెక్టు గదిలో ఉంటుంది. డబ్బు ఇచ్చి రశీదు అందనివాళ్లు, ఇచ్చిన తేదీ చెబితే పుస్తకంలో వెతికి నకలు ఇస్తాం.