వార్తలకు బెదిరిన పిల్లలకు ఏదైనా పని చెబుదాం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన వారం నాలుగో తరగతి అబ్బాయి ఒకడు లైబ్రరీలో గ్లోబు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఏం చూస్తున్నావు నాన్నా అంటే, బొటనవేలు మనం ఉన్న చోట, చిటికెనవేలు యుద్ధం జరుగుతున్న చోట ఆనించి, "మధ్యలో జానెడే ఉంది మేడమ్" అన్నాడు. 30 సెంటీమీటర్ల గ్లోబు మీద వాడి జానెడు 6,000 కిలోమీటర్లు దాటుతుందని అక్కడే లెక్క వేసి చూపించాను. లెక్క అర్థమైంది. భయం మాత్రం పోలేదు.

వాడిని ఏమనగలను? నేనూ రాత్రి పదకొండింటికి ఫోన్‌లో అవే వార్తలు తిప్పి తిప్పి చూస్తున్నాను కదా. 2013లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక అమెరికాలో ఒక సర్వే చేశారు. ఆ వారం రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తల్లోనే మునిగి ఉన్నవాళ్ళలో, పేలుళ్ళ చోట ఉన్నవాళ్ళ కన్నా ఎక్కువ ఒత్తిడి కనిపించింది. భోజనాల వేళ టీవీ కట్టేయమని మిమ్మల్ని అడగడానికి నాకు ఈ ఒక్క సంగతి చాలు.

అయితే టీవీ కట్టేసినంత మాత్రాన మనసులో పడ్డది పోదు. పిల్లలకు చేతనైన పని ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. కెనడాలోని వాంకూవర్‌లో 9 నుంచి 11 ఏళ్ళ పిల్లలతో నాలుగు వారాలు ఒక ప్రయోగం చేసి, 2012లో ఫలితాలు ప్రచురించారు. కొందరు వారానికి మూడు మంచి పనులు చేయాలి, మిగతావాళ్ళు వారానికి మూడు చోట్లకు వెళ్ళి రావాలి. హుషారు రెండు జట్లలోనూ పెరిగింది. కానీ మంచి పనులు చేసినవాళ్ళను తమతో కలుపుకుంటామన్న తోటి పిల్లల సంఖ్య ఎక్కువగా పెరిగింది. పనులు కూడా ఎంత మామూలువో చూడండి: తన లంచ్‌లో కొంత పక్కవాళ్ళకు పెట్టడం, ఉద్యోగం టెన్షన్‌లో ఉన్న అమ్మను వాటేసుకోవడం.

వచ్చే సోమవారం నుంచి నాలుగు వారాలు మనమూ ఇదే చేద్దాం. వారానికి మూడు పనులు. ఏవో పిల్లలే ఎంచుకోవాలి. పక్కింటి తాతగారికి పేపర్ చదివి పెట్టినా సరే, ఒంటరిగా కూర్చున్న కొత్త పిల్లను ఆటలోకి పిలిచినా సరే. హోంవర్క్ పుస్తకం చివరి పేజీలో ఒక ముక్క రాసుకుంటే చాలు. బహుమతులు ఉండవు. దయచేసి ఫొటోలు తీసి గ్రూపులో పెట్టకండి. అలా మొదలుపెడితే పని పక్కకు పోయి పోటీ మిగులుతుంది.

దీంతో యుద్ధం ఆగుతుందా అని ఏ పిల్లాడైనా అడిగితే, ఆగదనే చెప్పండి. నేనూ అదే చెప్పాను.

గ్లోబు అబ్బాయి సోమవారం దాకా ఆగలేదు. చినిగిన లైబ్రరీ పుస్తకాలు అతికిస్తానని ముందుకొచ్చాడు. లంచ్ బెల్ కొట్టగానే వచ్చి, నాలుక పళ్ళ మధ్య బిగబట్టి, పేజీ అంచులు కలిపి టేపు వేస్తున్నాడు. ఇప్పటికి ఏడు పుస్తకాలయ్యాయి, రెండింటిలో టేపు కాస్త వంకరగా పడింది. మా దగ్గర టేపు అయిపోవచ్చింది. మీ ఇంట్లో వాడగా మిగిలింది ఏమైనా ఉంటే పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు