పేగు ఆపరేషన్‌కు ముందు విరేచనాల మందు: ఎవరికి, ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

గత వేసవిలో మా అన్నయ్యకు పెద్దపేగు ఆపరేషన్ ఖాయమైనప్పుడు, ముందురోజు సాయంత్రం ఇంటి దగ్గరే పొడి కలిపిన నీళ్లు 2 లీటర్లు తాగి, మర్నాడు ఉదయం ఏమీ తినకుండా రమ్మన్నారు. మాది గోదావరి లంక. డెబ్బై దాటిన ఆయన రాత్రంతా పెరట్లోకి తిరుగుతూనే ఉండి, తెల్లవారేసరికి మనిషి ఆసరా లేకుండా పడవ ఎక్కలేకపోయారు. ఆసుపత్రిలో ముందుగా సెలైన్ పెట్టి తేరుకోనిచ్చాకే ఆపరేషన్ చేశారు. ఆయన కోలుకున్నారు గానీ, ఆ రాత్రి అవసరమేనా అన్న ప్రశ్న నన్ను వదలలేదు.

పేగులో మలం లేకపోతే కుట్టిన అతుకు విడదని, చీము పట్టదని వైద్యులు దశాబ్దాలుగా భావించారు. పిల్లలకు ఆముదం పట్టించిన ఇళ్లలో పెరిగిన మనకూ అది సబబుగానే తోస్తుంది. అయితే రోగులపై జరిపిన 18 వైద్య అధ్యయనాల్లో పాల్గొన్న 5,805 మంది వివరాలను కలిపి చూసిన 2011 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో అతుకు విడిపోవడం, పేగు శుభ్రం చేసినవారిలో 4.4 శాతం, చేయనివారిలో 4.5 శాతం, గాయానికి చీము పట్టడం వరుసగా 9.6, 8.5 శాతం. అంటే విరేచనాల వల్ల మేలు జరిగిందనడానికి ఆధారం దొరకలేదు.

అలాగని ఆ మందు పూర్తిగా వ్యర్థమనడం లేదు. నోటి ద్వారా యాంటీబయాటిక్ మాత్రలతో కలిపి ఇవ్వవచ్చని, విరేచనాల మందు ఒక్కటే ఇవ్వడం మాత్రం తగదని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మా అన్నయ్యకు ఇచ్చిన చీటీలో ఆ మాత్రల ఊసే లేదు. కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ పరీక్ష సంగతి వేరు. అక్కడ పేగు శుభ్రంగా లేకపోతే లోపల ఏమీ కనబడదు. కాబట్టి ఈ లేఖ చదివి ఎవరూ తమంతట తాము మందు మానవద్దని, డాక్టరుగారినే అడగాలని నా మనవి.

కోనసీమలోనూ, కాకినాడ, రాజమహేంద్రవరాల్లోనూ ఈ ఆపరేషన్లు చేసే వైద్యులకు నా విన్నపం: మందు ఎందుకు ఇస్తున్నారో, వెంట ఏ మాత్రలు వేసుకోవాలో, నీళ్లు ఎప్పటివరకు తాగవచ్చో తెలుగులో రాసి ఇవ్వండి. వృద్ధులకు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి ఆ మందు తప్పనిసరైతే ముందురోజే చేర్చుకుని, నర్సుల కళ్లెదుట తాగించండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజోలు