స్ప్లెండర్ దిగి స్పీడ్ 400 ఎక్కేముందు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందా? నువ్వు పంపిన బెంగళూరు బండి ఫోటోలు రెండేసి సార్లు చూశాను. 2023 మోడల్ ట్రయంఫ్ స్పీడ్ 400, ఒక్క ఓనరు వాడిన బండి, 14 వేలు తిరిగింది అంటున్నావు. "తీసుకోవచ్చా రా?" అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నావు. తీసుకోవచ్చు. కానీ బండి కంటే ముందు నీ చేతులూ కాళ్లూ మారాలి. నాకు దిగులంతా దాని గురించే. కాస్త తీరిగ్గా చదువు.

ముందు లెక్క చూడు. నీ స్ప్లెండర్ 97 సీసీ, 8 పీఎస్, 112 కిలోలు. ఈ బండి 398 సీసీ, 40 పీఎస్, 176 కిలోలు. పవర్ ఐదింతలు, బరువు ఒకటిన్నర రెట్లు. అంటే ఒక్కో కిలోని లాగే బలం మూడింతలు పెరిగింది. యూరప్‌లో అయితే ఇలాంటి బండ్లకి మెట్లు మెట్లుగా వేరే లైసెన్సులున్నాయి. మన దగ్గర గేరు బండి లైసెన్సు ఒక్కటుంటే 100 సీసీ అయినా 650 అయినా ఎవరూ అడగరు. ఆపేవాళ్లు లేరు కాబట్టి ఆగాల్సింది మనమే.

ఇప్పుడు గేర్లు. అసలు ప్రమాదం ఇక్కడుంది, కానీ షోరూములో ఎవరూ చెప్పరు. స్ప్లెండర్‌లో ముందు తొక్కితే గేరు ఎక్కుతుంది, మడమతో వెనక తొక్కితే దిగుతుంది. ఇన్నేళ్లుగా నీ కాలికి తెలిసింది అదే. స్పీడ్ 400లో మడమ లివరే ఉండదు. ఫస్ట్ మాత్రం కిందికి, మిగతా ఐదూ కాలి వేళ్లతో పైకి ఎత్తాలి. 70లో పోతూ పై గేరు వేద్దామని పాత అలవాటుతో కిందికి తొక్కావనుకో, గేరు దిగుతుంది, ఇంజను ఒక్కసారి అరుస్తుంది, వెనక చక్రం పట్టేసినట్టు ఊగుతుంది. ఆ బండిలో క్లచ్ ఆ కుదుపుని కొంత మింగేస్తుంది గానీ తడి రోడ్డు మీద దాన్ని నమ్ముకోకు. మరో సంగతి, చెప్పులతో ఈ బండి కుదరదు. లివర్ పైకెత్తాలంటే బొటనవేలి మీద బరువు పడుతుంది, పది గేర్లకే వేలు కమిలిపోతుంది. చీలమండ కప్పే బూటు కావాలి.

రెండోది బ్రేకు. నీ స్ప్లెండర్‌లో వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంచెం పడుతుంది. 2019 నుంచి 125 సీసీ వరకూ కొత్త బండ్లకి అది గానీ, చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ గానీ తప్పనిసరి చేశారు. అందుకే కాలితోనే ఆపడం అలవాటైపోయింది. పెద్ద బండిలో పెడల్ తొక్కితే వెనకది ఒక్కటే పడుతుంది. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. ఆ తేలిక చక్రాన్ని ఎంత పట్టినా బండి ఆగదు. ఏబీఎస్ ఉంటే జారకుండా టకటకా వదిలి పడుతుంది, దూరం మాత్రం పోతూనే ఉంటుంది. ఆపేది ముందు డిస్కే. అలాగని ఒక్కసారి గుంజకు. మొదట రెండు వేళ్లతో మెత్తగా పట్టు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కిందికి దిగినట్టు తెలుస్తుంది, టైరు రోడ్డుకి అతుక్కుంటుంది, అప్పుడు గట్టిగా నొక్కు. ఇదంతా అర సెకను పని. ఖాళీ గ్రౌండులో 40 మీద ఇరవై సార్లు చెయ్యి. తర్వాత 60 మీద. లివర్ వేలి కింద అదురుతుంటే ఏబీఎస్ పని చేస్తోందన్నమాట. భయపడి వదలకు, పట్టే ఉంచు.

ఎందుకింత చెబుతున్నానంటే, 50లో ఉన్నప్పుడు సెకనుకి 14 మీటర్లు పోతావు, 100లో 28. కళ్లు చూసి చెయ్యి కదిలేలోపే అంత దూరం అయిపోతుంది. పైగా వేగం రెండింతలైతే బ్రేకు పడ్డాక పోయే దూరం నాలుగింతలు. లెక్కేస్తే 50లో మొత్తం 28 మీటర్లలో ఆగే బండికి 100లో 85 దాకా కావాలి. స్ప్లెండర్ మీద 100 అంటే నువ్వు పడుకుని తోలినా గగనమే. ఈ బండిలో అది తెలియకుండా వచ్చేస్తుంది. గుంటూరు నుంచి కాజా టోల్ వరకూ ఆరు వరసల రోడ్డు మీద ఇంజను హాయిగా నవ్వుతున్నట్టుంటుంది, మీటరు చూస్తే 105.

ఇంకో సూక్ష్మం ఉంది. ఎదుటివాడు నీ హెడ్‌లైటు ఒక్కటే చూస్తాడు. బైకు అంటే వాడి లెక్కలో 60. డివైడరు గ్యాపులో నిలబడ్డ ఆటోవాడు, పక్క ఊరి మట్టి రోడ్డు మీంచి ఎక్కే ట్రాక్టరువాడు, అందరూ నిన్ను స్ప్లెండర్ అనుకునే దాటేస్తారు. వాళ్ల తప్పు కూడా కాదు. కాబట్టి గ్యాపు కనబడ్డ ప్రతిచోటా రేజు వదిలి, రెండు వేళ్లు ముందు బ్రేకు మీద పెట్టు.

రేజు పట్టే తీరు కూడా చూసుకో. మణికట్టు పైకి లేపి పట్టుకుంటే, గుంతలో దబ్బున పడ్డప్పుడు చెయ్యి కిందికి జారి దానంతట అదే రేజు తిప్పేస్తుంది. స్ప్లెండర్‌లో అయితే ఏమీ కాదు. ఇక్కడ ఫస్ట్ గేరులో బండి ముందుకి దూకుతుంది. మణికట్టు కిందికి ఉంచి పట్టుకోవడం మొదటి రోజు నుంచే నేర్చుకో.

బరువు గురించి. పోతున్నప్పుడు 176 కిలోలు తెలియవు, ఆగేటప్పుడూ పార్కింగులోనూ తెలుస్తాయి. వాలుకి ముందు చక్రం కిందికి పెట్టి ఆపావా, వెనక్కి లాక్కోలేవు. ఎప్పుడూ వెనక చక్రం వాలు వైపు ఉండేలా పెట్టు, గేరులో వదులు. యూ టర్నులో హాఫ్ క్లచ్, వెనక బ్రేకు ఒక్క పిసరు, చూపు పోవాల్సిన వైపు. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు ముట్టుకోవద్దు, ముట్టుకుంటే అక్కడికక్కడే పక్కకి ఒరిగిపోతుంది. ఒరిగితే కాలు అడ్డం పెట్టి ఆపాలని చూడకు, మోకాలు పోతుంది. పడనీ, నువ్వు పక్కకి రా.

పడ్డ బండి ఎత్తేది నడుముతో కాదు. ముందు ఇంజను ఆపు, ఫస్ట్ గేరులో పెట్టు. కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండు తీసి ఉంచు, లేకపోతే లేచాక అవతలి వైపు పడుతుంది. తర్వాత సీటుకి వీపు ఆనించి, గొంతుక్కూర్చున్నట్టు కిందికి దిగి, ఒక చేత్తో హ్యాండిల్ చివర, ఇంకో చేత్తో సీటు కింద ఫ్రేము పట్టుకో. వీపు నిటారుగా ఉంచి, పాదాలు చిన్న చిన్న అడుగులుగా వెనక్కి వేస్తూ తొడలతో తొయ్యి. నీలాంటి బక్కవాడు కూడా ఎత్తగలడు.

ఇక ఆ బెంగళూరు బండి. అమ్మేవాడికి ముందే చెప్పు, నువ్వు వెళ్లేసరికి స్టార్టు చేసి ఉంచొద్దని. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టు, వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నాడని అనుమానించు. లివర్ల చివర్లు, హ్యాండిల్ చివరి గుండీలు, ఫుట్‌రెస్టు కొసలు, రేడియేటర్ అంచులు చూడు. ట్యాంకు మెరుస్తూ ఈ కొసలు గీసుకుపోయి ఉంటే పడ్డ బండి. ఫోర్కు గొట్టాల మీద వేలితో రాస్తే నూనె అంటకూడదు. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే నడిమధ్యన గాడిలో పడ్డట్టు ఆగిందంటే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ బేరింగులు, పోయినట్టే. వెనక స్ప్రాకెట్, అంటే చైను తిరిగే పళ్ల చక్రం, దగ్గర చైనుని వెనక్కి లాగి చూడు, పన్ను సగం బయటపడితే చైన్, స్ప్రాకెట్ సెట్టు మొత్తం మార్చాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2323 అంటే 2023లో 23వ వారం తయారీ. 14 వేలకి వెనక టైరు అరిగే ఉంటుంది. 150 మిల్లీమీటర్ల వెడల్పు రేడియల్ టైరు ఐదారు వేలకి తక్కువ రాదు, బేరంలో ఆ డబ్బు తీయించు.

కాగితాల దగ్గర తొందరపడకు. కర్ణాటక బండి కాబట్టి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ, ట్రాన్స్‌ఫర్‌కి 29, 30, లోను ఉండి ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో నువ్వే స్వయంగా సరిపోల్చు. చలానాలు ఏమైనా ఉంటే కట్టించు. ఆపైన మన రాష్ట్రంలో మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి, అది బండి వయసుని బట్టి తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. బెంగళూరు ధరకీ విజయవాడలో ఏపీ నంబరు బండి ధరకీ తేడా ఈ టాక్స్ కంటే తక్కువైతే అంత దూరం పోవడం దండగ. నా మనసుకి ఏపీ బండే మేలు. ఇన్సూరెన్సు 14 రోజుల్లో నీ పేరుకి మార్పించు. లేకపోతే బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిము ఆగిపోతుంది. 2022 జూన్ రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం నీ స్ప్లెండర్‌కి ఏడాదికి 714, 350 సీసీ దాటితే 2,804.

కొత్తదే తీసుకుంటానంటే ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకూ జీఎస్టీ 18 శాతం, దాటితే 40. అందుకే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 లాంటివి ధరలో దిగొచ్చాయి. క్లాసిక్ 20 పీఎస్ బండే, అయితే 195 కిలోలు. నింపాదిగా పోయే స్వభావం నీదైతే అదీ ఆలోచించు. 650 మాట మాత్రం ఇప్పుడు వద్దు.

రోజూ ఖర్చు. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లి రావడం 70 కిలోమీటర్లు, నెలకి 1,750. స్ప్లెండర్ 60 ఇస్తే 29 లీటర్లు, ఇది 30 ఇస్తే 58. లీటరు 110 లెక్కన నెలకి 3,200 అదనం. వదిన్ని ముందే కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పు. వానాకాలంలో, బెంజ్ సర్కిల్ ఇరుకులో తోలడానికి స్ప్లెండర్ ఇంట్లో ఉంచుకోగలిగితే ఉంచుకో, అమ్మితే వచ్చేదెంతని. ఎండాకాలం ట్రాఫిక్‌లో రేడియేటర్ ఫ్యాను తిరిగి వేడి గాలి మోకాళ్లకి కొడుతుంది, అది చెడిపోవడం కాదు.

చైను సంగతి ఇంకా చెప్పలేదు. స్ప్లెండర్ చైను డబ్బాలో మూసి ఉంటుంది, ఏడాదికోసారి చూస్తావు. ఇక్కడ తెరిచి ఉంటుంది, దుమ్మంతా దాని మీదే. 500 కిలోమీటర్లకోసారి, అంటే నీ లెక్కన వారానికోసారి, కిరోసిన్‌లో తడిపిన మెత్తటి బ్రష్షుతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, లోపలి వైపు చైన్ లూబ్ కొట్టు. పెట్రోలు వాడకు, లింకుల మధ్య రబ్బరు రింగులు ఉబ్బి పాడవుతాయి. తిరిగొచ్చాక చైను వెచ్చగా ఉన్నప్పుడు చేస్తే లూబ్ లోపలికి దిగుతుంది. దీనికి డబుల్ స్టాండు లేదు, కాబట్టి వెనక చక్రం లేపి ఉంచే ప్యాడక్ స్టాండు కొను. చక్రం చేత్తోనే తిప్పాలి రా. ఇంజను ఆన్‌లో ఉంచి గేరులో తిప్పుతూ తుడిస్తే గుడ్డ చిక్కుకుని వేళ్లు స్ప్రాకెట్‌లోకి పోతాయి. చైను మరీ బిగిస్తే గేర్‌బాక్సు బేరింగు పోతుంది, మాన్యువల్‌లో రాసినంత వదులు వదలాలి. ఆయిలు డబ్బా మీద జాసో ఎంఏ2 అనే బైకు ఆయిలు గుర్తు ఉన్నదే పోయించు. కారు ఆయిలు పోస్తే క్లచ్ జారుతుంది.

బండి ధర లోంచే 20 వేలు పక్కన పెట్టు. ఐఎస్ఐ ముద్రున్న ఫుల్ ఫేస్ హెల్మెట్, పెట్టుకుంటే చెంపలు కాస్త నొక్కాలి, తల ఊపితే తిరగకూడదు. పడితే ముందు నేలకి తగిలేది అరచేయి కాబట్టి గ్లవ్స్. మన ఎండకి జల్లెడలాంటి మెష్ జాకెట్టు, మోచేతులకీ భుజాలకీ ప్యాడ్లు ఉన్నది.

మొదటి రెండు వారాలు ఆఫీసుకి వద్దు. తెల్లారుజామున ఐదున్నరకి అమరావతి రోడ్డెక్కి గేర్లు, బ్రేకులు మాత్రమే. 60 దాటకు. కొత్త టైరు వేయిస్తే మొదటి 150 కిలోమీటర్లు పైపొర నున్నగా ఉంటుంది, మలుపుల్లో వాల్చకు. మూడో వారం ఆఫీసు, నెల తిరిగాక వెనక మనిషి. మనిషి ఎక్కితే బ్రేకు దూరం, టైరు గాలి రెండూ మారతాయి. ఎంత గాలి పెట్టాలో చైను కవరు దగ్గరి స్టిక్కరు చూసి, టైరు చల్లగా ఉన్నప్పుడే పెట్టించు.

కోతల రోజుల్లో రాత్రిపూట పల్లె రోడ్లు మానెయ్యి. రోడ్డు సగం ధాన్యం ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. నలుపు మీద నలుపు, దగ్గరికొచ్చేదాకా కనబడదు. గింజల మీద చక్రం పడితే గోళీల మీద పడ్డట్టే, ఏబీఎస్ కూడా ఏమీ చేయలేదు. స్ప్లెండర్ లైటుకి 50లో తప్పించుకున్న కుప్పే, 90లో తప్పదు.

టోకెన్ అడ్వాన్సు ఇంకా వెయ్యకు. ముందు ఆర్సీ రెండు వైపులా, ఛాసిస్ నంబరు దగ్గరగా, వెనక స్ప్రాకెట్ పళ్లు పక్క నుంచి, టైర్ల మీద నాలుగంకెలు, ఈ నాలుగు ఫోటోలు అడిగి నాకు పంపు. చల్లటి ఇంజను స్టార్టు చేసే వీడియో కూడా ఒకటి, శబ్దం వినబడేలా.

నీ
రాజు